కోలాటం గురించి మీరు అడుగుతున్నది

2026 ఫిబ్రవరి 16

తల్లిదండ్రులకు, పిల్లల్ని దగ్గరుండి పెంచుతున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు, నాన్నమ్మలకు నమస్కారం.

ఈ నెల లేఖలో వార్షికోత్సవం బహుమతుల వివరాలు రాద్దామనుకున్నాను. కానీ 7వ తేదీ రాత్రి వార్షికోత్సవం అయినప్పటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో, బడి గేటు దగ్గర, పాల కేంద్రం దగ్గర ఒకటే మాట నడుస్తోంది. తల్లి పోయి రెండు నెలలు కాకుండానే ఎనిమిదో తరగతి అమ్మాయి చేత స్టేజీ మీద కోలాటం ఎలా ఆడించారు అని. ముగ్గురు నాకే ఫోన్ చేసి అడిగారు. వాళ్ళకి అప్పుడే జవాబు చెప్పాను. నన్ను అడగకుండా, ఆ పిల్ల నడిచి వెళ్ళే దారిలోనే ఆ పిల్లకి వినబడేలా మాట్లాడుకుంటున్నవాళ్ళు దయచేసి ఈ లేఖ ఆఖరిదాకా చదవండి.

ముందు మామూలు సంగతులు. అపార్ నంబరు (విద్యార్థి గుర్తింపు సంఖ్య) రానివాళ్ళు, 5 ఏళ్ళు, 15 ఏళ్ళు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు అప్‌డేట్ చేయించనివాళ్ళు ఈ నెలాఖరులోగా చేయించండి. పదో తరగతి పరీక్షలు ఇంకో నెలలోకి వచ్చేశాయి, ఉదయం స్టడీ అవర్‌కి పిల్లల్ని టైముకి పంపండి. మిగతావి నోటీసు బోర్డులో ఉన్నాయి.

ఇక జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆ అమ్మాయి పేరు రాయను. క్రిస్మస్‌కి ముందు వారంలో వాళ్ళమ్మ జబ్బుతో పోయింది. పన్నెండో రోజు కార్యక్రమాలయ్యాక మా టీచర్లిద్దరూ, నేనూ ఇంటికి వెళ్ళి పలకరించి వచ్చాం. సంక్రాంతి సెలవులయ్యాక పిల్ల బడికి వచ్చింది. జడ కోలాటం జట్టులో తను మొదటి నుంచీ ఉంది. ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. మధ్యలో ఎత్తున కట్టిన తాళ్ళని తలా ఒకటి పట్టుకుని, సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఎదురొచ్చినవాళ్ళని ఒకసారి లోపలి నుంచి, ఒకసారి బయట నుంచి దాటుతుంటే పైన జడ అల్లుకుంటూ వస్తుంది. అదే నడక వెనక్కి నడిస్తే జడ విడిపోతుంది. మన జట్టుకి పదహారు తాళ్ళు, పదహారు మంది. పదిహేను మందితో జడ పడదు. పీఈటీ మాస్టారు ఆ పిల్ల బదులు ఇంకొకర్ని తీసుకుందామన్నారు. నేనూ సరే అన్నాను. మధ్యాహ్నం ఆ పిల్ల నా గది గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. "టీచర్, నా తాడు ఎవరికీ ఇవ్వకండి" అంది.

అప్పటికప్పుడు నేను ఒప్పుకోలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ అమ్మమ్మ గారు వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. విషయం చెబితే చాట పక్కన పెట్టి, "ఈ ఏడు మా ఇంట్లో పండగల్లేవమ్మా. సంక్రాంతికి గుమ్మంలో ముగ్గు కూడా వెయ్యలేదు. అవన్నీ పెద్దవాళ్ళం మేం పాటిస్తాం. దాన్ని ఆడనివ్వండి. ఆ కోలాటం కర్రలకి గజ్జెలు వాళ్ళమ్మే కట్టింది" అన్నారు. వెనక గుమ్మంలో నిలబడ్డ తండ్రి, "నేను రాలేనేమోనండి, పిల్లని మాత్రం పంపిస్తాను" అన్నారు. ఇద్దరూ ఒప్పుకున్నాకే తను ఆడింది. ఎవరి ఆచారాన్నీ బడి కాదనలేదు. ఆ ఇంటి పెద్దలు ఒప్పుకున్న తరవాత మిగతా ఊరంతా ఒప్పుకోవాలా?

ఆ రాత్రి స్టేజీ మీద మీరు నవ్వు చూశారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఇంకొకటి కూడా చూశాను. జడ సగం అల్లుకున్నాక ఆ పిల్ల ఒక అడుగు తప్పింది. తాడు చేతిలో పట్టుకుని ఆగిపోయింది. కళ్ళు ప్రేక్షకుల్లో ఎవరి కోసమో వెతుకుతున్నాయి. ఎదురుగా వస్తున్న అమ్మాయి తనూ ఆగింది, ఆ వెనక పిల్లా ఆగింది, అలా వలయమంతా ఆగిపోయింది. పాట నడుస్తూనే ఉంది. ఎవరూ "నడువు" అనలేదు, మోచేత్తో పొడవలేదు. పల్లవి మళ్ళీ వచ్చేదాకా నిలబడి, ఆ పిల్ల అడుగు వేశాక పదహారు మందీ కలిసి కదిలారు. జడ చిక్కు పడలేదు. ఆఖరి తాడు విడిపోయాక ఆ పిల్ల నవ్వింది. మీలో కొంతమందికి తప్పుగా తోచింది ఆ నవ్వే. రానన్న తండ్రి గేటు పక్కన సైకిల్ స్టాండు దగ్గర నిలబడి మొత్తం చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

నేను ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్న గారు పోయారు. ఆ సంక్రాంతికి వీధంతా ముగ్గులు, మా గుమ్మం ఒక్కటే బోసిగా ఉంది. పక్కింటి వాకిట్లో గొబ్బెమ్మల చుట్టూ నా స్నేహితులు పాడుతుంటే నేనూ వెళ్ళి చెయ్యి కలిపాను. పాటలో పడితే కాసేపు గుండె తేలికపడింది. ఇంతలో ఒకావిడ నన్ను రెక్క పట్టుకుని పక్కకి లాగి, "తండ్రి పోయిన పిల్లవి, సిగ్గు లేదూ" అంది. ఆ తరవాత చాలా ఏళ్ళు నవ్వు వస్తే భయం వేసేది, నాన్నకి ద్రోహం చేస్తున్నానేమో అని. ఆ భయం పోగొట్టింది మా అమ్మే. ఒకరోజు రాత్రి దీపం దగ్గర కూర్చోబెట్టి, "మీ నాన్నకి నీ నవ్వంటే ఇష్టం. నువ్వు నవ్వినప్పుడల్లా ఆయనకి ఒక నమస్కారం పెట్టినట్టే అనుకో" అంది. ఇప్పటికీ పొద్దున్న దేవుడి దగ్గర నిలబడితే నాకు ముందు ఆ మాటే గుర్తొస్తుంది. నా భక్తి అక్కడే మొదలైంది.

కాబట్టి ఒక మనవి. ఆ పిల్ల కనిపించినప్పుడల్లా "అయ్యో, తల్లి లేని పిల్ల" అనకండి. మీరు జాలితోనే అంటున్నారని తెలుసు. రోజుకి పదిసార్లు వింటే ఆ పిల్లకి తన పేరు అదే అయిపోతుంది. పలకరించాలనుకుంటే "తిన్నావా, లెక్కల పరీక్ష ఎలా రాశావు" అని అడగండి. వాళ్ళమ్మ గారు చేసే పూర్ణాలు మీకు గుర్తుంటే ఆ సంగతి చెప్పండి. అమ్మ గురించి మాట్లాడితే ఆ పిల్ల ఏడుస్తుంది, ఏడవనివ్వండి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్ళల్లో చావు గురించి పిల్లలకి అబద్ధాలు చెప్పడం చాలా ఎక్కువగా ఉంది. ఆరో తరగతిలో ఒక బాబు తాతయ్య హైదరాబాద్‌లో ఆసుపత్రిలో ఉన్నారని ఏడాదిగా అనుకుంటున్నాడు. వాడి తోటి పిల్లలందరికీ నిజం తెలుసు. వాడికి తప్ప! పిల్లలు టెన్షన్ పడతారని దాచిపెడతారు, కానీ దాచిన సంగతి ఇంకొకరి నోట విన్నప్పుడు వాళ్ళు ఇంట్లోవాళ్ళని నమ్మడం మానేస్తారు. పోయిన ఉగాదికి ఇళ్ళ నుంచి పచ్చడి తెమ్మంటే వచ్చిన గిన్నెల్లో సగానికి పైగా వేపపువ్వు లేదు. అరటిపండు, జీడిపప్పు, పుట్నాలపప్పు, పంచదార కూడా ఉన్నాయి. "చేదంటే మావాడు తినడండి" అన్నారు. ఈ మార్చి 19న ఉగాది. వేపపువ్వు వేసి పంపండి. మొహం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి, ఆ వెంటనే బెల్లం నాలిక్కి తగులుతుంది కదా.

పిల్లలు మనం అనుకున్నంత బెదురుగొడ్లు కారు. జనవరిలో ఎనిమిదో తరగతి లైబ్రరీ పీరియడ్‌లో వాళ్ళంతట వాళ్ళు మాట్లాడుకోవడం మా తెలుగు టీచర్ గారు విని నాకు చెప్పారు. ఒక అమ్మాయి, నాన్నమ్మ పోయినప్పుడు ఇంట్లో ఆదరణ కూడిక (ప్రార్థన) పెట్టారని, నాన్నమ్మకి ఇష్టమైన పాటలు అందరూ పాడారని చెప్పింది. ఇంకొక అబ్బాయి, నలభయ్యో రోజు ఫాతిహా చదివించి వీధిలో అందరికీ భోజనం పెట్టామన్నాడు. మూడో పిల్లవాడు, తాతయ్యకి పిండం పెడితే కాకి ఎంతసేపటికీ ముట్టలేదని, వాళ్ళ నాన్న "చెల్లి పెళ్ళి నేను చేస్తాను నాన్నా" అని గట్టిగా చెప్పాక వచ్చి ముట్టిందని చెప్పాడు. ఎవరూ ఎవరినీ వెక్కిరించలేదు. కోలాటం ఆడిన ఆ అమ్మాయి అన్నీ విని "మా అమ్మకి కాకి వెంటనే వచ్చింది" అందట. పోయినవాళ్ళు ఎక్కడో ఉన్నారనే నమ్మకం, వాళ్ళని ప్రేమగా తలుచుకోవడం మూడు మతాల ఇళ్ళల్లోనూ ఉందని ఆ నలుగురూ అరగంటలో తెలుసుకున్నారు. నేను పాఠం చెప్పి ఉంటే ఇంత బాగా అర్థమయ్యేది కాదు.

ఇక మధ్యాహ్న భోజనం. నేను ఈ మాట ప్రతి లేఖలో రాస్తాను, ఈసారీ రాస్తాను. మన భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడెవరో ఇంట్లో ఎంతమంది చెప్పారు? 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై వచ్చి, గోదావరి పాయ దాటి వచ్చేపోయేవాళ్ళకి కులమూ వేళా అడక్కుండా వండి పెట్టిన మహాతల్లి. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఆగినచోట, ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్ళు "ఇంకాసేపట్లో సీతమ్మ గారింటికి చేరిపోతాం, అన్నం పెడతారు" అని ఊరుకోబెడుతుంటే విని, దర్శనం మానేసి ఇంటికి తిరిగొచ్చేశారని మన పెద్దలు చెబుతారు. మా నాన్నమ్మ ఈ కథ చెప్పినప్పుడు "మరి స్వామికి కోపం రాలేదా" అని అడిగాను. "పిలిచింది ఆయనేనే, ఆ పిల్లల నోట్లోంచి" అంది. 1909లో పోయిన ఆవిడ పేరు మీద ఈ రోజు మన పిల్లలు అన్నం తింటున్నారు. పోయిన జూన్ నుంచి సన్నబియ్యం వస్తోంది, వారానికి ఐదు గుడ్లు ఇస్తున్నారు. నేనూ టీచర్లూ పిల్లలతో ఒకే బంతిలో కూర్చుంటున్నాం. అయినా కొన్ని ఇళ్ళ నుంచి విడిగా క్యారియర్లు వస్తున్నాయి, కొందరు పిల్లల జేబులో పది రూపాయలు, చేతిలో చిప్స్ ప్యాకెట్టు ఉంటున్నాయి. డాక్టరు చెప్పిన పథ్యం ఉంటే నాకు చెప్పండి, తప్పకుండా చూస్తాం. మిగతావాళ్ళని మాత్రం బంతిలో నుంచి లేపకండి. సెలవుల తరవాత వచ్చిన మొదటి రోజు ఆ పిల్ల ప్లేటు ముందు పెట్టుకుని అన్నం కలపకుండా కూర్చుంది. పక్కనున్న ఏడో తరగతి అమ్మాయి క్లాసులో నిమిషం కూడా మాట్లాడకుండా ఉండలేదు. ఆ రోజు మాత్రం ఒక్క మాట కూడా లేకుండా తన గుడ్డు పెంకు ఒలిచి, తెల్లగా కడిగినట్టు శుభ్రంగా చేసి, ఆ పిల్ల ప్లేటులో పెట్టింది. కాసేపటికి ఇద్దరూ తిన్నారు. విడిగా క్యారియర్ తెచ్చుకునే చోట ఇది జరగదు.

ఆ ఏడో తరగతి అమ్మాయి తల్లిదండ్రులు ఈ లేఖ చదివితే, మీ పిల్లని చూసి నేనెంత గర్వపడుతున్నానో తెలుసుకోండి. కోలాటం జట్టు పదహారు మందిని చూసీ గర్వపడుతున్నాను. వార్షికోత్సవం మర్నాడు ఆదివారం అయినా ఎవరూ చెప్పకుండా వచ్చి కుర్చీలు తుడిచి పేర్చిన తొమ్మిదో తరగతి మగపిల్లల్ని కూడా మరిచిపోలేదు. వాళ్ళలో ఇద్దరు ఇంటి పని చెయ్యరని వాళ్ళ అమ్మలు నాతో చాలాసార్లు అన్నారు. చేస్తారండీ, మీరు చెప్పి చూడండి.

నిన్న శివరాత్రి జాగారం చేసిన పిల్లలు ఈ రోజు మొదటి పీరియడ్‌లో తూగితే ఏమీ అనవద్దని టీచర్లకి చెప్పాను. ఎల్లుండి 18న భస్మ బుధవారం, నెలవంక కనబడితే ఆ మర్నాటి నుంచే రంజాన్ ఉపవాసాలు. పై తరగతుల్లో రోజా ఉండే పిల్లలకి ఆటల పీరియడ్ నీడలో ఉంటుంది, వాళ్ళ ముందు తిననని తోటిపిల్లలు అంటే అది వాళ్ళ ఇష్టం. రాత్రి పది దాటాక గ్రూపుల్లో మెసేజ్‌లు పెట్టవద్దని ఇంతకుముందు చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను.

కోలాటం మానడం లేదు. వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటి నుంచి ఆరో తరగతి వాళ్ళకి నేర్పిస్తాం. నేర్పేది ఆ అమ్మాయే, తనే అడిగింది. కర్రలు లేనివాళ్ళు ఇంట్లో పాతవి ఉంటే పంపండి. గజ్జెలు ఊడిపోయినవైనా ఫర్వాలేదు, వాళ్ళ అమ్మమ్మ గారు వచ్చి కూర్చుని కట్టి ఇస్తామన్నారు.

ఇట్లు
మీ పిల్లల హెచ్‌ఎం