బోర్డు మీది ధర, బండి మీది ధర

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

నిన్న ఫోనులో ‘ఈటీఎఫ్ కొననా, మ్యూచువల్ ఫండ్ కొననా’ అని అడిగావు. ఇక్కడ మీ అమ్మ మిక్సీ వేసింది. నేను చెప్పింది నీకు వినపడి ఉండదు, అందుకే రాస్తున్నాను.

నిఫ్టీ అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ. ఆ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండే ఇండెక్స్ ఫండ్. అది తీసుకున్నా, నిఫ్టీ ఈటీఎఫ్ తీసుకున్నా లోపల ఉండేవి అవే 50 కంపెనీలు. సరుకు ఒకటే, అంగడి వేరు. ఇండెక్స్ ఫండ్‌కు మధ్యాహ్నం 3 గంటల లోపు డబ్బు చేరితే, ఆ రోజు మార్కెట్ మూశాక లెక్కగట్టిన ఎన్ఏవీకే, అంటే ఒక్కో యూనిట్ అసలు విలువకే, యూనిట్లు ఇస్తారు. ఈటీఎఫ్ అంటే షేర్ మార్కెట్లో అమ్ముడయ్యే ఫండ్. దాన్ని డీమ్యాట్ ఖాతా, అంటే షేర్లు దాచుకునే ఖాతా, పెట్టుకుని షేరులాగా కొనాలి. అమ్మేవాడు ఆ నిమిషంలో ఎంతకు ఇస్తే అంత.

ఈ తేడా నాకు డబ్బు పోయాకే తెలిసింది. ఆ మధ్య అమెరికా షేర్ల ఈటీఎఫ్ ఒకటి 200 యూనిట్లు, 118 రూపాయల చొప్పున కొన్నాను. ఆ రోజు ఎన్ఏవీ 106. అంటే ఊరికే 2,400 రూపాయలు ఎక్కువ ఇచ్చాను. అప్పట్లో ఫండ్ సంస్థలు విదేశాల్లో పెట్టే డబ్బుకు ఉన్న పరిమితి నిండిపోయి కొత్త యూనిట్లు రావడం లేదు, కొనేవాళ్లు మాత్రం ఎగబడుతున్నారు. రైతు బజారులో బోర్డు మీద టమాటా ధర ఒకటి ఉంటుంది, గేటు బయట బండి మీద ఇంకొకటి. నేను బోర్డు చూడకుండా బండి దగ్గర కొన్నాను. ఆ బోర్డు ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉంది. మార్కెట్ నడుస్తుండగానే చూపించే ఆ ఎన్ఏవీని ఐఎన్ఏవీ అంటారు.

ఈటీఎఫ్ చెడ్డదని కాదు. 2001 చివర మొదలైన నిఫ్టీ బీస్ మన దేశంలో మొదటిది. అంత పెద్దవాటిలో బేరం బాగా సాగుతుంది కాబట్టి ధర ఎన్ఏవీకి దగ్గరగానే ఉంటుంది. ఏటా తీసుకునే ఖర్చూ కాస్త తక్కువే. కానీ బ్రోకరేజీ, అమ్మేటప్పుడు డీమ్యాట్ ఖాతా వాళ్లు తీసుకునే డీపీ ఛార్జీ కలుపుకుంటే, నెలకు 5,000 పెట్టే నీకు మిగిలేది ఏపాటి? పైగా అర యూనిట్ కొనలేవు.

అసలు సంగతి వేరు. ఇంటర్ ఫలితాల ముందు రోజు రాత్రంతా నిద్రపోకుండా అదే పేజీ తెరిచి చూసినదానివి. నిమిషానికో ధర మారే వస్తువు నీ చేతికిస్తే ఆఫీసు పని సాగినట్టే! ఇండెక్స్ ఫండ్‌లో సిప్, అంటే నెలనెలా కట్టే పద్ధతి, పెట్టుకో. 5వ తేదీన డబ్బు దానంతట అదే పోతుంది.

ఫండ్ పేరులో ‘డైరెక్ట్’ అని ఉందో లేదో చూసుకో. ఏజెంటు లేకుండా నేరుగా కొనే ఆ సదుపాయం 2013 జనవరి నుంచి ఉంది. రెగ్యులర్‌లో అయితే ఏజెంటు కమీషన్ ఏటా నీ డబ్బులోంచే పోతుంది. మన బాబాయి ఫారాలు పట్టుకుని వస్తాడు. కడుపునిండా భోజనం పెట్టు, సంతకం మాత్రం పెట్టకు.

బంగారం ఈటీఎఫ్ గురించి కూడా అడిగావు కదా, అది అమ్మతో తేల్చుకో. మెడలో వేసుకోలేనిది బంగారమే కాదంటోంది.

నాన్న