ఆవకాయ జాడీల సంగతి

అందరికీ నమస్కారం.

నిన్న మేడ మీద ఆవకాయకు చేయి వేసిన వారందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ముందుగా మన వాచ్‌మన్ భార్యకు. టెంక ఊడిపోకుండా ఆమె టకటకా కాయలు కొడుతుంటే మనమంతా వేళ్లు దాచుకుని చూశాం.

ముక్కలు తుడిచి జీడి తీసే పని మగవారికి అప్పగించడం మంచిదైంది. చేతుల కంటే రాజకీయాలే ఎక్కువ నడిచినా, ముక్కల మీద తడి మాత్రం మిగల్లేదు. రెండో అంతస్తు బాబాయిగారు ఉప్పు చూస్తానంటూ వేడి అన్నం, నెయ్యితో సహా వచ్చారు. మూడు ముద్దలయ్యాక కూడా "ఇంకా తెలియడం లేదమ్మా" అన్నారు!

ఆవపిండి, కారం, ఉప్పు సమపాళ్లలో వేయాలా, ఉప్పు కాస్త తగ్గించాలా అన్న వాదం తేలలేదు. గుంటూరు వారు, గోదావరి వారు వేర్వేరు జాడీల్లో కలుపుకున్నాక శాంతి నెలకొంది. వెల్లుల్లి ప్రస్తావన ఎవరూ తేకపోవడం మన అదృష్టం.

రేపు మూడో రోజు. ఉదయం తిరగకలుపుదాం. నూనె పైకి తేలకపోతే మరికొంచెం నువ్వుల నూనె పోయాలి. తడి గరిటెలు తేవద్దు. జాడీలో కలిపి పెట్టే మొదటి ముద్దలు పిల్లలకే. అన్నం మా ఇంటి నుంచి వస్తుంది, బాబాయిగారికి వేరే గిన్నెలో.