ప్రొపెల్లర్ మార్చే ముందు ఆర్‌పీఎం మీటర్ సరిచూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం.

వేట నిషేధం దగ్గర పడింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మా బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఈ రోజుల్లో పేపర్లలో నిషేధ భృతి గురించి, చేపల ధరల గురించి వస్తుంది, అవి రావాల్సినవే. నేను రాసేది మాత్రం ఈ రెండు నెలల్లో చెన్నై కాశిమేడు చేపల రేవులో జరిగే ఇంకో పని గురించి. బోటును గట్టెక్కించి అడుగున పట్టిన గుల్లలు గీకించి రంగు వేయించేటప్పుడే చాలామంది ప్రొపెల్లర్ (నీళ్లలో తిరిగి బోటును ముందుకు నెట్టే పంకా) కూడా మార్చేస్తారు. మార్చే ముందు ఇంజన్ ఆర్‌పీఎం మీటర్, అంటే నిమిషానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటర్, నిజం చెబుతోందో లేదో చూసుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం. మేం చూసుకోలేదు, పోయినేడాది దాని ఫలితం అనుభవించాం.

మాది నెల్లూరు వైపు. నాన్న కాలంలోనే చెన్నై వచ్చాం, రాయపురంలో ఉంటాం. మా బావ, నేను కలిసి ఒక గిల్‌నెట్ (చేపలు మొప్పల దగ్గర చిక్కే వల) బోటు నడుపుతున్నాం. సరంగు (బోటు తోలేవాడు), కళాసీల్లో (పనివాళ్లలో) ఎక్కువమంది శ్రీకాకుళం వాళ్లే. ఇంజన్ 2000 ఆర్‌పీఎం డీజిల్, గేర్‌బాక్స్ 3:1, అంటే ఇంజన్ మూడు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. ప్రొపెల్లర్ పిచ్ 20 అంగుళాలు. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే, నీళ్లలో జారకుండా ఉంటే, బోటు ఎంత ముందుకు పోవాలో ఆ దూరం.

పోయిన నిషేధానికి ముందు రెండు మూడు వేటల్లో సరంగు ఒకటే మాట, ఫుల్ త్రాటిల్ పెట్టినా మీటర్ 1800 దాటడం లేదని. ఇంజన్ కంపెనీ 2000 అని రాసింది కదా, 200 తక్కువ అంటే ప్రొపెల్లర్ బరువైపోయింది, ఇంజన్ మీద లోడ్ పడుతోంది, ఇలాగే నడిపితే హెడ్ పోతుందని అందరూ చెప్పారు. ఆ లెక్క తప్పేం కాదు. ఓవర్‌లోడ్ అయిన డీజిల్ ఇంజన్ నల్లపొగ కక్కుతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, వాల్వులు, పిస్టన్లు పాడవుతాయి. కానీ మా ఇంజన్ నల్లపొగ వదల్లేదు, వేడీ పెరగలేదు. అక్కడే మేం ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు. ఇంజన్ తేలిగ్గా తిరగాలని పిచ్ తగ్గించి, 18 అంగుళాలతో కొత్త గన్‌మెటల్ ప్రొపెల్లర్ తీసుకుని, పాతదాన్ని తూకానికి ఇచ్చేశాం.

జూన్‌లో దిగాక చూస్తే జీపీఎస్‌లో అంతకుముందు 8.2 నాట్లు (గంటకు 8.2 నాటికల్ మైళ్లు) పోయే బోటు 7.7 దగ్గర ఆగిపోయింది. అర నాటే కదా అనిపించవచ్చు, 80 నాటికల్ మైళ్లు పోవాలంటే దాదాపు 40 నిమిషాలు ఎక్కువ, వచ్చేటప్పుడు ఇంకో 40, అంతసేపూ డీజిల్ కాలుతూనే ఉంటుంది. ఇంజన్ మోత మారింది, పైన నిలబడితే కాళ్లకు వణుకు తెలిసేది. మీటర్ మాత్రం 1930 చూపిస్తోంది. ఇంకా 2000 రాలేదు కాబట్టి ఇంకో అంగుళం పిచ్ తగ్గిద్దామని మళ్లీ అవే సలహాలు. మేం దాదాపు ఒప్పేసుకున్నాం కూడా.

అప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ చూడటానికి ఒక మెకానిక్ వచ్చాడు. మోత వినగానే "అన్నా, ఇది 1930 మోత కాదు" అన్నాడు. ఇంజన్ ఆపించి, క్రాంక్ పుల్లీ మీద గ్రీజు గుడ్డతో తుడిచి, వేలి గోరంత మెరిసే టేపు ముక్క ఒక్కటి అంటించాడు. హార్బర్ దాటాక ఫుల్ త్రాటిల్ పెట్టించి, చేత్తో పట్టుకుని ఆర్‌పీఎం కొలిచే చేతి మీటర్ బటన్ నొక్కి, దాని ఎర్ర కాంతి చుక్కను టేపు తిరిగే చోట పట్టాడు. అంకెలు కాసేపు ఊగి 2150 దగ్గర నిలిచాయి. మూడుసార్లు చూశాడు, మూడుసార్లూ అంతే. అంటే మేం లోడ్ తక్కువైన ఇంజన్‌ను దాని హద్దు దాటించి తిప్పుతున్నాం, ఇంకా తేలిక చేద్దామని చూస్తున్నాం!

కారణం వెతికితే, ఇంజన్ బెల్టుతో తిరిగి బ్యాటరీ చార్జ్ చేసే ఆల్టర్నేటర్ దగ్గర దొరికింది. మా మీటర్ తీగ ఆల్టర్నేటర్ వెనక డబ్ల్యూ టెర్మినల్ నుంచి వస్తుంది. మీటర్ ఇంజన్ చుట్లను లెక్కపెట్టదు, ఆల్టర్నేటర్ పంపే పల్సులను లెక్కపెట్టి ఇంజన్ ఇంత తిరుగుతోందని చెబుతుంది. ఆ నిషేధానికి ఆరేడు నెలల ముందు పాత ఆల్టర్నేటర్ కాలిపోతే పుదుపేటలో ఒక సెకండ్‌హ్యాండ్‌ది తెచ్చి బిగించాం. చార్జింగ్ బాగుంది, దాని గురించి మర్చిపోయాం. ఇంట్లో పడి ఉన్న పాత పుల్లీని, ఇప్పటిదాన్ని పక్కపక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిస్తే పాతది 70 మిల్లీమీటర్లు, కొత్తది 78. పుల్లీ పెద్దదైతే ఆల్టర్నేటర్ నిదానంగా తిరుగుతుంది, మీటర్ తక్కువ చూపిస్తుంది. 70ని 78తో భాగించి చూడండి, దాదాపు 0.9 వస్తుంది. నిజం 2000 అయితే మీటర్‌లో 1800. పాత ప్రొపెల్లర్ మా ఇంజన్‌కు అచ్చంగా సరిపోయింది, మేం దాన్ని తూకానికి అమ్ముకున్నాం. నా బాధంతా అదే. పైగా వేటకు పోయేటప్పుడు 1600లో నెమ్మదిగా నడుపుతున్నాం అనుకున్నన్ని నెలలూ ఇంజన్ నిజానికి 1780 తిరిగింది.

అందుకని తోటి బోటు యజమానులకు చెప్పేది, మీటర్‌ను ఒక్క స్పీడ్‌లో కాదు, ఐడిలింగ్‌లో, 1000లో, 1500లో, ఫుల్‌లో చేతి మీటర్‌తో పోల్చి కాగితం మీద రాసుకోండి. తేడా ఎక్కడ చూసినా ఒకే శాతంలో ఉంటే పుల్లీ మారిందని, లేదా మీటర్ వెనక ఉండే సెట్టింగ్ తప్పని అర్థం. అన్ని చోట్లా ఒకే అంకె తేడా ఉంటే, అంటే ఎక్కడైనా 100 తక్కువే చూపిస్తుంటే, ముల్లు సున్నా దగ్గరే తప్పుగా ఉందని. కింద స్పీడ్‌లో సరిగ్గా ఉండి పైకి పోయేకొద్దీ ముల్లు పడిపోతుంటే ముందు బెల్టు జారుతోందేమో చూడాలి. ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే ఇంజన్) వాళ్లకైతే మీటర్ వెనక పోల్స్ (ఇంజన్ చార్జింగ్ అయస్కాంత ధ్రువాల సంఖ్య) సెట్టింగ్ ఉంటుంది, 12 పోల్స్ ఇంజన్‌కు 10 పోల్స్ మీద పెడితే 5000 తిరిగే ఇంజన్ 6000 అని చూపిస్తుంది, అది చూసి పెద్ద పిచ్ కొన్నవాళ్ల ఇంజన్ ఊపిరాడక చస్తుంది. ఔట్‌బోర్డ్‌లో ఒక అంగుళం పిచ్‌కు సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం మారుతుంది, కాబట్టి మీటర్‌లో 200 తప్పు ఉందంటే ప్రొపెల్లర్ సైజులోనే ఒక అంగుళం తప్పు పోయినట్టు.

ఫుల్ త్రాటిల్ కొలత మాత్రం జెట్టీ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి చూస్తే పనికిరాదు. ఐస్, డీజిల్, వల అన్నీ ఎక్కించి సముద్రంలో చూడాలి. టేపు ఒక్క ముక్కే ఉండాలి, రెండు అంటిస్తే రెట్టింపు చూపిస్తుంది. ట్యూబ్‌లైట్ వెలుగు కింద పెట్టకండి, అంకెలు తప్పు రావచ్చు. తిరిగే బెల్టు దగ్గర లుంగీ, తువ్వాలు వద్దు, దయచేసి. చేతి మీటర్ మీదే అనుమానం ఉంటే వర్క్‌షాప్‌లో గ్రైండింగ్ మెషిన్ ఉత్తగా తిప్పి చూడండి, మన 50 సైకిల్స్ కరెంటుకు రెండు పోల్స్ మోటార్ 3000కు కాస్త తక్కువలో తిరగాలి.

మీటర్ సరిగ్గానే ఉండి ఆర్‌పీఎం నిజంగానే తక్కువ వస్తే అప్పుడు కూడా వెంటనే ప్రొపెల్లర్ మీద పడొద్దు. డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, బోటు అడుగు చూడండి. ఇంకో చిన్న లెక్క కూడా ఉంది. ఆర్‌పీఎంను పిచ్ అంగుళాలతో గుణించి, గేర్ రేషియోతో, మళ్లీ 1215తో భాగిస్తే జారుడు లేకుండా పోవాల్సిన నాట్లు వస్తాయి. మా మీటర్ చెప్పిన 1800తో వేస్తే 9.9 నాట్లు, బోటు పోయింది 8.2, అంటే 17 శాతమే జారుడు. వెడల్పాటి పొట్ట ఉన్న మా బోటుకు అంత తక్కువ జారుడు నమ్మేది కాదు. నిజమైన 2000తో వేస్తే 25 శాతం వస్తుంది. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే మీటర్ మీద అనుమానం అప్పుడే వచ్చేది.

చేతి మీటర్ రిచీ స్ట్రీట్‌లో రెండు వేల లోపే దొరుకుతుంది. ఒక్కొక్కరూ కొనక్కర్లేదు, సంఘానికి ఒకటి ఉంటే చాలు. ప్రొపెల్లర్ పోతపోసే వర్క్‌షాప్ వాళ్లు కూడా సైజు రాసుకునే ముందు, మీటర్‌ను దేంతో సరిచూశారని ఒక్క ప్రశ్న అడిగితే బాగుంటుంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఈ ఉత్తరం ఏప్రిల్ 15 లోపు వేయగలిగితే మేలు, ఎందుకంటే ఫుల్ లోడ్ కొలత బోటు గట్టెక్కాక తీయలేం, ఆఖరి వేటలోనే తీసుకోవాలి. మేం కూడా ఒక చేతి మీటర్ కొన్నాం. కాశిమేడులో ఏ బోటు వాళ్లు అడిగినా ఇస్తాం, టేపుతో సహా.

ఇట్లు,
ఒక బోటు యజమాని,
రాయపురం, చెన్నై