గ్రామీణ విద్యార్థుల వైద్యవిద్యా సహాయనిధికి విరాళాల విజ్ఞప్తి

భక్తులకు, దాతలకు ఆలయ కమిటీ నమస్కారాలు.

కమిటీ విరాళం అడిగిందంటే గోపురానికో మండపానికో అనుకోవడం సహజం. ఈసారి అడుగుతున్నది, డాక్టరు కావాలన్న కోరికా అందుకు తగిన తెలివీ ఉండి కూడా దారి చెప్పేవారు లేక, ఖర్చుకు జంకి ఆగిపోతున్న పల్లె పిల్లల కోసం, ముఖ్యంగా తమ ఇంట్లో కళాశాల మెట్లెక్కుతున్న మొదటి తరం వారి కోసం.

వేల్స్‌లో గనికార్మికుల పల్లెలో వైద్యం చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్, మంచి వైద్యం అవసరం ఎక్కువగా ఉన్నచోటే తక్కువగా దొరుకుతుందని 1971లో 'లాన్సెట్' పత్రికలో రాశారు. ఆ మాట నేటికీ పాతబడలేదు. పల్లెల్లో వైద్యులు నిలవాలంటే గ్రామీణ నేపథ్యం ఉన్న విద్యార్థులను వైద్యకళాశాలల్లో చేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సిఫారసు చేసింది. అమెరికాలోని జెఫర్సన్ వైద్యకళాశాల 1974 నుంచే అలాంటి విద్యార్థులను ప్రత్యేకంగా ఎంపిక చేస్తోంది. వారిలో పల్లెల్లో వైద్యానికి వెళ్లి అక్కడే ఏళ్ల తరబడి కొనసాగినవారి పాలు మిగతావారిలో కంటే చాలా ఎక్కువని తేలింది.

అయితే మన పిల్లలు వెనకబడేది కళాశాల గుమ్మం దగ్గర కాదు, దానికి చాలా ముందే. ఏ సబ్జెక్టులు తీసుకుంటే వైద్యవిద్యకు అర్హత వస్తుందో పాఠశాల ముగిసేనాటికే తెలిసి ఉండాలి. జ్వరం వచ్చినప్పుడు తప్ప డాక్టరుతో మాట్లాడి ఎరుగని అమ్మాయికి ఆ సంగతి ఎవరు చెప్తారు? సీటు వచ్చాక కూడా పెద్ద ఫీజుకు ఉపకారవేతనమో బ్యాంకు రుణమో దొరకవచ్చు గానీ, అది చేతికందేలోపు కట్టవలసిన హాస్టల్ డిపాజిట్, ప్రయాణపు ఖర్చు, అనాటమీ పుస్తకాలు, డిసెక్షన్ సామగ్రి, తెల్లకోటు వంటి చిల్లర ఖర్చుల దగ్గరే కుటుంబాలు చేతులెత్తేస్తున్నాయి. అందుకే ఈ నిధిని మొదట ప్రవేశపరీక్ష శిక్షణకు, దరఖాస్తు రుసుములకు, తొలి ఏడాది ఖర్చులకు మాత్రమే వినియోగిస్తాం. ఐదారేళ్ల చదువు మొత్తాన్ని భరిస్తామని మాట ఇచ్చి మధ్యలో చేతులు దులుపుకోవడం కంటే ఇది నిజాయితీ అని మా నమ్మకం.

చదివించాక ఊరికి తిరిగి రావాలని ఒప్పందం రాయించుకోవాలా అన్న విషయంపై కమిటీలో చాలాసేపు వాదన జరిగింది. జపాన్‌లో 1972లో స్థాపించిన జిచి వైద్యవిశ్వవిద్యాలయం ఫీజు భారం తప్పించి, అందుకు బదులుగా సుమారు తొమ్మిదేళ్ల సేవ కోరుతుంది. ఆ పద్ధతి అక్కడ ఫలించింది కూడా. కానీ ఆ చదువు మొత్తానికి అండగా నిలిచే విశ్వవిద్యాలయం వేరు, తొలి ఏడాదికి చేయూతనిచ్చే మనం వేరు. పైగా, సంతకం అనగానే బెదిరి వెనక్కి తగ్గేది అందరికంటే పేద కుటుంబమే. కాబట్టి ఒప్పందం ఉండదు.

కులమతాలతో నిమిత్తం లేకుండా, ఉపాధ్యాయులు, వైద్యులు ఉన్న బృందం విద్యార్థులను ఎంపిక చేస్తుంది. కమిటీ సభ్యుల పిల్లలకు ఇందులో అవకాశం లేదు. నిత్యపూజలకు వచ్చే కానుకలను దీనికి మళ్లించం. నిధికి వేరే ఖాతా ఉంటుంది. ఫీజులు నేరుగా విద్యాసంస్థకే చెల్లించి, జమాఖర్చులను ఆరు నెలలకొకసారి ఆలయ నోటీసు బోర్డుపై ఉంచుతాం.

విరాళాన్ని నగదుగా గానీ చెక్కుగా గానీ ఆలయ కార్యాలయంలో ఇచ్చి తప్పక రశీదు తీసుకోవలసిందిగా కోరుతున్నాం. భక్తుల్లో వైద్యులు, నర్సులు, వైద్యవిద్యార్థులు ఉంటే, నెలకు ఒక పూట ఈ పిల్లలతో కూర్చుని మాట్లాడటానికి తమ పేరు నమోదు చేయించుకోగలరు. ఆ పూటను కూడా విరాళంగానే పుస్తకంలో రాసుకుంటాం.

ఇట్లు,
ఆలయ కమిటీ