పేడ అమ్మకు, ప్లాంటు కట్టించు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. రెండు గేదెలకు తోడు మరో మూడు కొంటున్నావన్నమాట! సంతోషం. పెంటదిబ్బ వాసన భరించలేక చెల్లెమ్మ కోప్పడుతోందనీ, పేడంతా ఎవరికైనా అమ్మేయాలనుకుంటున్నాననీ రాశావు. అమ్మకురా. ఆ ఒక్క మాటకు కార్డు ముక్క చాలు గానీ, ఇది నేను మనసుపెట్టి పట్టించుకునే విషయం కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

5 గేదెలుంటే రోజుకు 50 కిలోల పేడకు లోటుండదు. రోజుకు 2 ఘనపు మీటర్ల గ్యాసిచ్చే గోబర్ గ్యాసు ప్లాంటుకు సుమారుగా కావలసింది అంతే. మీ ఇంటి రెండు పూటల వంట దాని మీద హాయిగా అవుతుంది. ఇనుప డ్రమ్ము పైకి తేలే పాత రకం నువ్వు చూసే ఉంటావు. జష్‌భాయ్ పటేల్ రూపొందించిన ఆ నమూనాను ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ 1960ల నుంచి ఊరూరా పెట్టించింది. అందులో గ్యాసు ఎంతుందో డ్రమ్ము ఎత్తు చూస్తే తెలిసిపోతుంది, కానీ ఇనుము ఖరీదు, తుప్పు బెడద. నీకు దీనబంధు రకం మంచిది. 1984లో అఫ్‌ప్రో అనే స్వచ్ఛంద సంస్థ తెచ్చిన నమూనా అది. భూమిలో ఇటుకలు, సిమెంటుతో కట్టిన గుమ్మటం, అంతే. కదిలే భాగమే లేదు. లోపల గ్యాసు పెరిగేకొద్దీ పేడనీళ్లను బయటి తొట్టిలోకి నెడుతుంది. పొయ్యి వెలిగిస్తే ఆ నీళ్లే వెనక్కి దిగి గ్యాసును గొట్టంలోకి తోస్తాయి. ఈ ఏర్పాటును తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఇక అసలు సంగతి. నువ్వు గ్యాసు కోసమే కట్టిస్తావు, కానీ నీ పొలానికి మేలు చేసేది గ్యాసు పోగా బయటికి వచ్చే పేడనీళ్లు, అంటే స్లర్రీ. పిడకలు చేసి కాల్చామనుకో, పేడలోని నత్రజని పొగతోపాటే పోతుంది, మనకు మిగిలేది బూడిద. ప్లాంటులో అలా కాదు. గాలి చొరబడని చోట సూక్ష్మజీవులు పేడలోని కర్బనాన్ని మీథేన్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తాయి. నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అలాగే ఉండిపోతాయి. అంటే ఒకే పేడ పొయ్యికీ పనికొచ్చింది, చేనుకూ పనికొచ్చింది. పైగా నత్రజనిలో కొంత భాగం మొక్క వెంటనే తీసుకునే రూపంలోకి మారుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది: ఆ భాగం ఎండ తగిలితే అమోనియాగా ఎగిరిపోతుంది. అందుకని స్లర్రీని ఆరుబయట ఎండబెట్టొద్దు. తడి పెట్టే రోజైతే కాలువ నీళ్లతో కలిపి మళ్లకు పారించు. లేదంటే చెట్టు నీడన గుంత తీయించి ఎండుటాకులు, చెత్త పొరలుపొరలుగా వేస్తూ అందులో పోయించు. వానపాములను వదిలితే మరీ మంచిది. వాసన కూడా పచ్చి పేడంత ఉండదు, చెల్లెమ్మ కోపం కాస్త చల్లారుతుంది. మన పెద్దలు గొర్రెల మందను రాత్రిళ్లు చేలో ఆపించుకుని కాపరికి ధాన్యం కొలిచి ఇచ్చేవారు కదా, ఆ ఎరువు విలువ తెలిసే ఇచ్చారు.

చాలా ఊళ్లలో ప్లాంట్లు ఎందుకు మూలపడ్డాయంటావేమో. నా లెక్కలో తప్పు నమూనాది కాదు, కట్టాక పలకరించేవాడు లేకపోవడమే. నేపాల్ సంగతి చూడు. అక్కడ 1992లో డచ్చివారి సాయంతో మొదలైన కార్యక్రమంలో కట్టిన కంపెనీయే ఆ తర్వాత కూడా మరమ్మతుల పూచీ పడాలని షరతు పెట్టారు, నాణ్యత తనిఖీతో సబ్సిడీని ముడిపెట్టారు. కొండ ప్రాంతాల ఇళ్లలో సైతం లక్షల ప్లాంట్లు వచ్చాయి. మరుగుదొడ్డిని కూడా ప్లాంటుకే కలిపిన ఇళ్లు ఎన్నో. నువ్వూ మేస్త్రీతో బేరమాడేటప్పుడు ధర ఒక్కటే చూడకు, రెండేళ్లు వచ్చి చూస్తానని రాయించుకో. గుమ్మటం లోపలి పూతలో సన్నని చీలిక ఉన్నా గ్యాసు నిలవదు కాబట్టి, ఇంతకుముందు కట్టి చూపించినవాడినే పిలువు.

రోజువారీ పని పెద్దగా లేదు. పేడకు సమానంగా నీళ్లు కలిపి, గడ్డీ ఇసుకా ఏరేసి పోయాలి. వేసవిలో నీళ్ల కరువైతే కొట్టం కడిగిన నీళ్లు చాలు, కానీ ఫినాయిలు, సబ్బు నీళ్లు మాత్రం పడనీయకు, సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. గొట్టంలో చేరే నీటిని అప్పుడప్పుడు తీసేయాలి, లేకపోతే మంట కొట్టుకుంటుంది. మొదటిసారి నింపాక వచ్చే గ్యాసులో గాలి కలిసి ఉంటుంది. దాన్ని బయటికి వదిలేయి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకు. ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం: ఎంత అవసరమొచ్చినా మనిషిని గుమ్మటంలోకి దిగనీయకు. ఊపిరాడక ప్రాణం పోతుంది. పిల్లలున్న ఇల్లు కాబట్టి తొట్టి మీద గట్టి మూతలు వేయించు.

కొట్టానికీ వంటింటికీ మధ్య దూరమెంతో, బావి ఎటువైపు ఉందో కొలిచి రాయి. బావికి దూరంగా, రోజంతా ఎండ తగిలే చోట గుంత తవ్వించాలి. సబ్సిడీ సంగతి మండల కార్యాలయంలో కనుక్కో, పని మొదలుపెట్టకముందే అడగాలి సుమా. ముగ్గు పోసే రోజున నేనూ వస్తాను. చెల్లెమ్మకూ పిల్లలకూ నా ఆశీస్సులు.

నీ స్నేహితుడు