‘సిల్లీ’ అంటే వెర్రి కాదు

సంపాదక మహాశయులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో స్కాట్లాండ్ రాజు ఆరవ జేమ్స్ గురించి వచ్చిన వ్యాసం ఆనాటి స్కాట్లాండ్ చర్చి నాయకుడు, విద్యావేత్త ఆండ్రూ మెల్విల్‌ను రెండు వాక్యాల్లో తేల్చేసింది. 1596లో ఫాక్‌లాండ్ రాజభవనంలో ఆయన రాజుగారి అంగీ చెయ్యి పట్టి లాగి ‘దేవుడి వెర్రి సామంతుడా’ అన్నాడని అందులో ఉంది. లాగిన మాట నిజమే గాని, అనువాదంలో పొరపాటు దొర్లింది. మెల్విల్ వాడిన ‘సిల్లీ’ అనే మాటకు ఆనాటి స్కాట్స్ భాషలో బలహీనుడు, దీనుడు అని అర్థం. స్కాట్లాండులో ఇద్దరు రాజులు, రెండు రాజ్యాలు ఉన్నాయని, క్రీస్తు రాజ్యమైన చర్చిలో జేమ్స్ రాజూ కాడు, అధిపతీ కాడు, కేవలం ఒక సభ్యుడని ఆ వెంటనే అన్న మాటలతో కలిపి చదివితే, దేవుడి ముందు నువ్వూ దుర్బలుడివేనని గుర్తుచేశాడే తప్ప వెర్రివాడివని తిట్టలేదని తెలుస్తుంది. ఈ మాటలను మనకు రాసిపెట్టినవాడు అప్పుడు అక్కడే ఉన్న ఆయన అన్నకొడుకు జేమ్స్ మెల్విల్.

అంతకన్నా పెద్ద లోటు, ఆయన విశ్వవిద్యాలయాధిపతి అన్న సంగతే వ్యాసంలో లేకపోవడం. ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి కనుక నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది. పారిస్, పోయితియే, జెనీవాల్లో చదివి, బోధించి, 1574లో స్వదేశానికి వచ్చిన మెల్విల్ 29 ఏళ్ల వయసులో గ్లాస్గో విశ్వవిద్యాలయ ప్రిన్సిపాల్ అయ్యేనాటికి, 1451లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం ఆదాయం లేక, పాఠాలు సాగక మూతపడే స్థితిలో ఉంది. ఆయన కొద్దిమంది విద్యార్థులను కూర్చోబెట్టుకుని గ్రీకు, తర్కం, అలంకారశాస్త్రం, యూక్లిడ్ జ్యామితి, అరిస్టాటిల్ నీతిశాస్త్రం, చివరికి హీబ్రూ, సిరియాక్ భాషల దాకా అన్నీ తానే చెప్పాడు. రేపు వాళ్లే అధ్యాపకులు కావాలన్నది ఆయన ఆలోచన.

అప్పట్లో ‘రీజెంట్’ అనే అధ్యాపకుడు ఒక తరగతిని చేరిన నాటి నుంచి పట్టా చేతికొచ్చేదాకా అన్ని విషయాల్లోనూ తానే నడిపించేవాడు. మన ఏకోపాధ్యాయ పాఠశాలను విశ్వవిద్యాలయం స్థాయికి పెంచితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. మెల్విల్ హయాంలో 1577లో వచ్చిన ‘నోవా ఎరెక్షియో’ అనే కొత్త శాసనం గోవన్ పారిష్ (స్థానిక చర్చి పరిధి) ఆదాయాన్ని విశ్వవిద్యాలయానికి కట్టబెట్టడంతోపాటు ఈ పద్ధతిని తీసేసి, ఎవరి విషయాలు వారే బోధించేలా ముగ్గురు రీజెంట్లకు పంచి, క్రైస్తవ మతశాస్త్రాన్నీ హీబ్రూనూ ప్రిన్సిపాల్‌కు ఉంచింది. తర్వాతి శతాబ్దంలో పాత పద్ధతే తిరిగొచ్చి, 1727లో గాని పూర్తిగా పోలేదంటే, ఆయన ఎంత ముందు నడిచాడో చూడండి.

ఆ శాసనం వెలువడింది పదకొండేళ్ల జేమ్స్ రాజు పేరు మీదే. 1580లో సెయింట్ ఆండ్రూస్‌లోని సెయింట్ మేరీస్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వెళ్లిన మెల్విల్‌ను, 1606లో, అప్పటికి ఇంగ్లండ్‌కూ రాజైన అదే జేమ్స్ లండన్‌కు రప్పించాడు. రాజుగారి ప్రార్థనామందిరంలోని పూజావేదికను ఎగతాళి చేస్తూ లాటిన్‌లో పద్యం రాసినందుకు విచారణకు పిలిస్తే, అక్కడ కాంటర్‌బరీ ఆర్చిబిషప్ బాన్‌క్రాఫ్ట్ తెల్ల అంగీ చేతులు పట్టుకుని ఊపి, ఇవి రోము (కాథలిక్ చర్చి) గుడ్డపేలికలన్నాడు (ఎదుటివారి అంగీ చేతులు ఆయన కంటపడకుండా ఉంటే బాగుండేది!). ఫలితం, 1607 నుంచి నాలుగేళ్లు లండన్ టవర్‌లో ఖైదు. కలం, సిరా, కాగితం ఇవ్వకపోతే బూటు బకిల్ ముల్లుతో గోడ మీద లాటిన్ పద్యాలు గీశాడని జీవితచరిత్రకారులు చెబుతారు. 1611లో విడుదలయ్యాక ఫ్రాన్స్ సరిహద్దున ఉన్న సెడాన్‌కు చేరి, మళ్లీ పాఠాలు చెబుతూ 1622లో అక్కడే కన్నుమూశాడు.

వీలైతే ఈ-పేపర్‌లోనైనా ‘వెర్రి’ అన్న ఆ ఒక్క మాట సవరించగలరని మనవి.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం