నీ 2 లక్షల సంగతి

అమ్ములూ,

నువ్వు పంపిన 2 లక్షలు, ఊళ్ళో అవసరం ఉన్నవాళ్ళకి సాయం చేసే మన ట్రస్టులో వేసుకోలేను అనగానే నిన్న ఫోను మధ్యలో పెట్టేశావు. "నా ఊరికి నేను ఇచ్చుకునే డబ్బు కూడా మీకు పనికిరాలేదా నాన్నా" అన్నావు చూడు, ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోనులో ఒకటి చెప్పబోతే ఇంకొకటి అవుతోంది, అందుకే తెల్లారగట్లే లేచి రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

పోయిన సంక్రాంతి దాకా నువ్వు పంపింది ట్రస్టు ఖాతాలోనే వేసుకున్నాం, రసీదు ఇచ్చాం. డాలస్‌లో ఉన్నా అప్పుడు నీ చేతిలో మన పాస్‌పోర్టు ఉంది కాబట్టి బ్యాంకు ద్వారా ఎంత పంపినా ఇబ్బంది లేదు. ఇప్పుడు నీకు అక్కడి సిటిజన్‌షిప్ వచ్చింది. విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల మీద ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం నీ డబ్బు విదేశీ విరాళం కింద లెక్క. అది తీసుకోవాలంటే ట్రస్టుకి ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది రావాలంటే గడిచిన మూడేళ్ళలో కనీసం 15 లక్షలు సేవా పనులకి ఖర్చు పెట్టి ఉండాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో విడిగా ఖాతా తెరవాలి. మన ట్రస్టు ఖర్చు మూడేళ్ళది కలిపినా 8 లక్షలు దాటదు.

"అయితే మీ ఖాతాలో వేస్తాను, మీరు ట్రస్టుకి మార్చండి" అన్నావు, నేను వద్దనేలోపే వేసేశావు. కూతురు తండ్రికి పంపుకోవడంలో తప్పేమీ లేదు, ఏడాదికి 10 లక్షల వరకూ ఎవరికీ చెప్పాల్సిన పని కూడా లేదు. కానీ అదే డబ్బు నేను ట్రస్టులో వేస్తే, ఎన్ని చేతులు మారినా అది విదేశీ విరాళమేనని చట్టంలోనే రాసి ఉంది. ఎవరికి తెలుస్తుంది అంటావు. ప్రతి నెలా మినిట్స్ పుస్తకం రాసేది నేనే. విరాళం ఇచ్చినవాళ్ళ పేర్ల కింద నా పేరు రాసి, పక్కన 2 లక్షలు అని వేసుకుని, ఆ పుస్తకం తీసుకెళ్ళి ఊళ్ళో వాళ్ళ ముందు పెట్టలేనమ్మా.

ఇది చట్టం అంటే భయపడి అంటున్న మాట కాదు. మీ పెదనాన్న సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. రెండేళ్ళ కింద పెద్ద మనవరాలి బీటెక్ ఫీజుకి అర్జీ పట్టుకుని తనే వచ్చాడు. మన అరుగు మీద కూర్చున్నాడు, మీ అమ్మ టీ ఇచ్చింది. ట్రస్టీల అన్నదమ్ములకి గానీ వాళ్ళ పిల్లలకి, మనవలకి గానీ ట్రస్టు డబ్బు ఇవ్వకూడదు, ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపుకే ఎసరు. అదే చెప్పాను. ట్రస్టు వద్దు, నా పెన్షన్‌లోంచి 20,000 ఇస్తాను తీసుకో అన్నాను. ఏమీ మాట్లాడలేదు. టీ అలాగే ఉంది, మీగడ కట్టేసింది. లేచి కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు నెలలు మా ఇద్దరికీ మాటల్లేవు. ఆ భోగికి మంట దగ్గరికి వచ్చి అవతలి పక్కన నిలబడ్డాడు, నా వైపు చూడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు, కానీ ఆ రోజు సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం. తోడబుట్టినవాడికి కుదరదు అని చెప్పినవాణ్ణి, కూతురు దగ్గరికి వచ్చేసరికి దొడ్డిదారి వెతికితే వాడి ముఖం ఎలా చూడను?

డబ్బు లేక ఆగిపోయే పరిస్థితి కూడా కాదు. నానమ్మ పేరున ఉన్న పొలం అమ్మిన డబ్బు, ఊరివాళ్ళు తలా కాస్త వేసింది కలిపి 40 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది. దాని మీద 7 శాతం చొప్పున ఏడాదికి 2,80,000 వస్తుంది. వచ్చినదాంట్లో 85 శాతం, అంటే 2,38,000 మామూలుగా ఆ ఏడాదే ఖర్చు పెట్టాలి. రెండు రూపాయల వడ్డీకి ఇస్తే ఏడాదికి 9,60,000 వస్తుంది కదా మాస్టారూ అని నన్ను ఇప్పటికీ సతాయించేవాళ్ళు ఉన్నారు. ట్రస్టు డబ్బు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో చట్టం చెప్పిన చోటే ఉంచాలి, బయట అప్పులకి తిప్పకూడదు. అసలు, పంటపోయిన ఏడాది పక్కింటివాడి దగ్గర వడ్డీ వసూలు చేసి వాడి కొడుక్కే ఫీజు కట్టడం ఏం ధర్మం? ఇంకొకాయన పట్నం నుంచి వచ్చి 5 లక్షలు ఇస్తాను, మా కులం పిల్లలకే ఇవ్వాలి అన్నాడు. మంచినీళ్ళిచ్చి పంపించాను.

నిజంగా నన్ను బాధపెట్టిన తప్పు వేరే ఉంది, అది నాదే. మొదటి మూడేళ్ళలో ఎస్సీ కాలనీ నుంచి ఒక్క అర్జీ కూడా రాలేదు. అక్కడ అవసరం ఉన్నవాళ్ళు లేరేమో అనుకుని ఊరుకున్నాను! ఒకసారి బడి పిల్లవాడొకడు చెప్పాడు, "మీ అరుగు మీదకి ఎలా వస్తామండీ" అని. ఇరవయ్యేళ్ళు అదే బడిలో పాఠాలు చెప్పి, ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. మర్నాటి నుంచి మీటింగు బడి వరండాలోకి మార్చాం. ఐదుగురు ట్రస్టీలూ మన వీధివాళ్ళే అయితే ఎలా అని ఇద్దరిని తప్పుకోమని అడిగి, కాలనీ నుంచి ఒక కుర్రాణ్ణి, డ్వాక్రా లీడరమ్మని తీసుకున్నాం. ఆ ఏడాది 11 అర్జీలు వచ్చాయి, అన్నీ అరఠావు కాగితాల మీదే.

అందులో ఒకావిడ అర్జీ నాకు బాగా గుర్తు. ఆవిడ జాకెట్లు కుడుతుంది, చీరలకి ఫాల్స్ వేస్తుంది. మనవాళ్ళంతా కొత్త కుట్టుమిషను ఇచ్చేద్దాం, ఫ్లెక్సీ కట్టి ఫొటో దిగుదాం అన్నారు. ఆవిడ వరండా స్తంభం పట్టుకుని నిలబడి, "మిషను ఉందండీ. తొక్కలేకపోతున్నాను, మోకాలు వాచిపోతోంది. మోటరు ఒకటి పెట్టిస్తే చాలు" అంది. 2,200 అయింది. మనం ఆవిణ్ణి అడగకుండా ఉంటే ఏమయ్యేదో చూడు. ఫొటోలు కూడా ఆ రోజుతోనే మానేశాం. అంతకుముందు ఫీజు తీసుకున్న పిల్లవాడి ఫొటో ఎవరో ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే వాడు నెల రోజులు కాలేజీ బస్సు ఎక్కకుండా సైకిల్ మీద వెళ్ళాడు. ఇప్పుడు చెక్కు నేరుగా కాలేజీ పేరునే రాస్తాం, ఎవరికిచ్చామో పుస్తకంలో తప్ప ఇంకెక్కడా ఉండదు.

ఫ్రీజర్ బాక్సు గురించి అడిగావు. బాగానే పనిచేస్తోంది, చక్రం ఒకటి ఊడితే వెల్డింగు చేయించాం. నానమ్మ పోయినప్పుడు నువ్వు వచ్చేదాకా భౌతికకాయం ఉంచాలని గుడివాడ నుంచి అద్దెకి తెప్పించాం, గుర్తుందా? రాత్రి కరెంటు పోయి, జనరేటరు దొరికేదాకా మీ అమ్మ విసనకర్ర పట్టుకుని ఆ బాక్సు పక్కనే కూర్చుంది. ట్రస్టు పెట్టాక మొదట కొన్నది అందుకే అది. మన ఊళ్ళో ప్రతి మూడిళ్ళకి ఒక ఇంట్లో పిల్లలు బయట దేశంలోనే ఉన్నారు. చిన్న జనరేటరుతో సహా ఎవరింటికైనా పంపుతాం, ఒక్క రూపాయి తీసుకోం.

నీ 2 లక్షలు నా ఖాతాలో కదలకుండా ఉన్నాయి. అమ్మ కంటికి శుక్లం ఆపరేషన్ చేయించాలన్నారు, అందులోంచి దానికి వాడతాను, కూతురు పంపింది అని నలుగురికీ చెప్పుకుంటాను. మిగతాది నువ్వు వచ్చినప్పుడు చూద్దాం.

నీ దగ్గర ట్రస్టుకి కావాల్సింది ఇంకొకటి ఉంది, దానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. మనం ఫీజు కట్టిన పిల్లల్లో ఇద్దరికి వచ్చే నెల కాలేజీలో ఇంటర్వ్యూలు ఉన్నాయి. చదువులో ఢోకా లేదు గానీ ఇంగ్లీషులో అడిగేసరికి ఆ ఆడపిల్లకి గొంతు వణుకుతోంది, కుర్రాడైతే అసలు తలే ఎత్తడు. నేను తెలుగు మాస్టార్ని, నా వల్ల కాలేదు. ఆదివారం పొద్దున్న మాకు ఎనిమిది అంటే మీకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. పాపని పడుకోబెట్టాక ఒక్క గంట వాళ్ళతో మాట్లాడు. బడి వరండాలో సిగ్నల్ బాగానే ఉంటుంది, వీడియో కాల్ నేనే కలుపుతాను. ఆ పిల్లతో ముందు తెలుగులో మొదలుపెట్టు, లేకపోతే బిగుసుకుపోతుంది.

కోపం తగ్గాక అమ్మకి ఒకసారి ఫోన్ చెయ్యి. నిన్నటి నుంచి తను సరిగ్గా అన్నం తినలేదు.

నాన్న